మిద్దె ఇంటి నుంచి బహుళ అంతస్తుల భవనానికి

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి నుంచి తనకల్లు వెళ్లే దారిలో ఉన్న నల్లచెరువులోగాని, చుట్టుపక్కల పల్లెల్లోగాని ఇరవై అంతస్తుల నివాస భవనం ఒక్కటీ లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో కూడా ఎక్కువ ఇళ్లు నేలను అంటిపెట్టుకునే ఉంటాయి. అయినా ఎత్తయిన భవనంలో కాపురానికి ఎలా సిద్ధం కావాలన్నది ఈ ప్రాంతపు కుటుంబాలకు పరాయి ప్రశ్న కాదు. వేరుశనగ పంటనూ అరకొర వానలనూ నమ్ముకున్న ఈ సీమ నుంచి చదువులకు, కొలువులకు, కూలిపనులకు బయలుదేరినవారికి దగ్గరలో ఉన్న మహానగరం బెంగళూరు. హిందూపురానికి అది సుమారు 100 కిలోమీటర్ల దూరమే. అక్కడ పన్నెండో అంతస్తులోనో, పద్దెనిమిదో అంతస్తులోనో ఫ్లాటు కొనుక్కున్న కొడుకులు, కూతుళ్లు ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులను వచ్చి తమతో ఉండమంటున్నారు. ఆ పిలుపునకూ సామాను లారీకెక్కే రోజుకూ మధ్య ఆ కుటుంబం తెలుసుకోవలసినవి, చేసుకోవలసినవి ఈ ప్రసంగానికి విషయం.

ఎత్తయిన భవనం అంటే ఎంత ఎత్తయినది అన్న ప్రశ్నకు చట్టాలు స్పష్టమైన కొలతలే చెబుతున్నాయి. భవన నిర్మాణానికి దేశమంతటికీ మార్గదర్శకంగా ఉన్న 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న కట్టడాన్ని ఈ తరగతిలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు ఆ హద్దును 18 మీటర్లుగా నిర్ణయించాయి. ఈ హద్దు గీయడానికి ప్రధాన కారణం అగ్నిప్రమాదమే. మంటలార్పే సిబ్బంది మామూలు నిచ్చెనలతో బయటి నుంచి చేరుకోగలిగిన ఎత్తు దాటిన తర్వాత, నీళ్లు, పంపులు, మెట్లదారులు, హెచ్చరిక గంటలు వంటి రక్షణ సాధనాలన్నీ ఆ భవనం లోపలే ఉండితీరాలి. అంటే అటువంటి కట్టడం ఒకదానిపై ఒకటి పేర్చిన ఇళ్ల వరుస మాత్రమే కాదు. వందల కుటుంబాలు కలిసి నడుపుకోవలసిన యంత్రాంగం. సన్నాహంలో మొదటి మెట్టు ఈ సంగతిని గ్రహించడమే, ఎక్కువ కుటుంబాలు దాటవేసే మెట్టూ ఇదే.

నల్లచెరువు ప్రాంతపు పాత మట్టిమిద్దెను తలచుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. దూలాలు, దంతెలు పరిచి, వాటిపై మట్టి కప్పిన ఆ మిద్దె మీద వానలు రాకముందే చవుడు మన్ను పోసుకోవడం ఇంటివారి పని. కారితే ఎక్కడ కారుతోందో చూసుకునేది, బాగుచేసుకునేది కూడా వాళ్లే. నీళ్లు నిండుకుంటే కడవ పట్టుకుని బయలుదేరేదీ, దీపం ఆరితే వెలిగించేదీ ఆ ఇంటి మనిషే. బహుళ అంతస్తుల భవనంలో ఇంటి కప్పు పై ఇంటివారికి నేల, ఇంటి నేల కింది ఇంటివారికి కప్పు. నీటి గొట్టం, కరెంటు తీగ, మెట్లు, లిఫ్టు అన్నీ ఉమ్మడివి. జీవితమంతా తన ఇంటిని తన చేతులతో నిలబెట్టుకున్న మనిషికి, ఏ మరమ్మతుకైనా మరొకరికి ఫోను చేసి ఎదురుచూడవలసిన స్థితి శారీరకమైన కష్టం కన్నా ఎక్కువ బాధిస్తుంది. ఆ బాధను వృద్ధాప్యపు చాదస్తంగా కొట్టిపారేయడం పిల్లలు చేయకూడని పని.

అంతస్తులు ఈ సీమకు బొత్తిగా తెలియనివేమీ కావు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండలో గగన్ మహల్ నేటికీ తన పై అంతస్తుతో, శిఖరంతో నిలిచే ఉంది. అయితే పై అంతస్తు రాజులకు విలాసం. సామాన్యుడికి నేలే జీవనాధారం. ధర్మవరం పట్టుచీరల నేతలో వాడే గుంతమగ్గం ఇందుకు తిరుగులేని ఉదాహరణ. నేతగాడు కాళ్లు దించి తొక్కుడు కర్రలను తొక్కడానికి నేలలో గుంత తవ్వి అమర్చే ఈ మగ్గాన్ని పై అంతస్తు స్లాబులో ఏ విధంగానూ ఇమడ్చలేరు. ఏపీ టిడ్కో సంస్థ రాష్ట్రంలోని పట్టణాలలో పేదల కోసం 300, 365, 430 చదరపు అడుగుల కొలతలతో, నేల అంతస్తు కాక మరి మూడు అంతస్తులుగా కట్టించిన ఇళ్లు చాలా కుటుంబాలకు ఉమ్మడి భవనంతో మొదటి పరిచయం కలిగించాయి. కులవృత్తి నేలతో ముడిపడిన కుటుంబం అటువంటి ఇంటికైనా, నగరంలోని ఎత్తయిన భవనానికైనా వెళ్లాలనుకున్నప్పుడు మగ్గాన్ని ఎక్కడ ఉంచాలన్నది ముందే తేల్చుకోవాలి. ఇల్లు మారిన తర్వాత తేల్చుకుందామనుకుంటే ఆ పని చేతిలోంచి జారిపోతుంది.

కాగితాల విషయం కొనుగోలుదారు కాని తల్లిదండ్రులకు సంబంధించినది కాదనిపించవచ్చుగాని, ఊళ్లో పొలం అమ్మిన డబ్బు ఫ్లాటులో కలిసిన సందర్భాలలో అది వారికీ సంబంధించినదే. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే వాడుకలో రెరా, కార్పెట్ ఏరియా అన్న మాటకు కచ్చితమైన అర్థం నిర్ణయించింది. బయటి గోడలు, గొట్టాలు సాగే గూళ్లు, బాల్కనీలు మినహాయించి, లోపలి అడ్డుగోడలు కలుపుకొని ఇంట్లో నిజంగా వాడుకోగలిగిన నేల అది. అమ్మకపు సంభాషణలో వినిపించే సూపర్ బిల్టప్ ఏరియాలో మెట్లు, లిఫ్టు, నడవల వంటి ఉమ్మడి స్థలాల వాటా కూడా కలిసి ఉంటుంది కనుక, మంచాలూ బీరువాలూ ఎన్ని పడతాయో లెక్క చూసుకునేవారికి పనికివచ్చేది మొదటి కొలతే. నిర్మాణంలో లోపం బయటపడితే, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ల లోపు తెలియజేసినప్పుడు నిర్మాత ముప్పై రోజులలో తన ఖర్చుతో సరిచేయాలని అదే చట్టం చెబుతోంది. వీటన్నిటికన్నా ముఖ్యం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. భవనం అనుమతించిన నమూనా ప్రకారం పూర్తయిందని, అందులో మనుషులు నివసించవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే ధ్రువపత్రమిది. ఈ పత్రం చూసిన తర్వాతే కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది రాకముందే ముహూర్తం పెట్టుకుని వృద్ధులను తీసుకువెళ్లడం ఎంతమాత్రం తగదు.

నీటి విషయంలో ఈ ప్రాంతం వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు కలిసిన బోరునీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషులను చూసిన జిల్లా ఇది. 1990ల మధ్యకాలంలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు ఉమ్మడి అనంతపురం జిల్లాలోని వందలాది గ్రామాలకు తాగునీరు అందించే పథకం చేపట్టడానికి నేపథ్యం ఆ మంచినీటి కరవే. అందుచేత ఇక్కడి పెద్దలు నగరపు కుళాయి తిప్పగానే నీళ్లు రావడాన్ని చూసి సంతోషిస్తారు, ఆ నీళ్లు ఎక్కడివని కూడా అడుగుతారు. ఆ ప్రశ్నను ఇల్లు చూడడానికి వెళ్లిన రోజునే అడగాలి. బెంగళూరుకు కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అరకిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కివస్తుంది. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకర్లకు కటకట ఏర్పడి, పెద్ద పెద్ద భవన సముదాయాలలోనే నీళ్లను గంటల లెక్కన వదిలారు. అదే ఏడాది అక్టోబరులో రోజుకు 775 మిలియన్ లీటర్లు తెచ్చే కావేరి ఐదో దశ ప్రారంభమైంది. అయితే ఒక భవనానికి ఆ నీరు వస్తోందా, బోరు మీద నడుస్తోందా, ట్యాంకర్ల మీద నడుస్తోందా అన్నది ఆ భవనంలో ఉంటున్నవారిని అడిగితేనే తెలుస్తుంది.

నీటికి సంబంధించి మరో రెండు సంగతులు పల్లె నుంచి వచ్చేవారికి కొత్తవి. మొదటిది పీడనం. ప్రతి పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువంత ఒత్తిడి పెరుగుతుంది. పైకప్పు మీది ట్యాంకు నుంచి నేరుగా దిగే నీరు కింది అంతస్తుల కుళాయిలను, గీజర్లను దెబ్బతీయకుండా మధ్యలో ఒత్తిడి తగ్గించే కవాటాలు అమరుస్తారు. అవి సరిగా పనిచేయకపోతే ఒక ఇంట్లో నీరు చిమ్ముతుంది, మరో ఇంట్లో సన్నగా కారుతుంది. రెండోది శుద్ధిచేసిన మురుగునీరు. స్నానాల గదుల నుంచి, వంటిళ్ల నుంచి వచ్చిన నీటిని భవనం కిందనే శుద్ధిచేసి, వేరే గొట్టాల ద్వారా మరుగుదొడ్లు కడగడానికి, తోటలకు మళ్లీ వాడతారు. చాలా భవనాలలో ఒకే ఇంట్లో రెండు రకాల నీళ్లు ప్రవహిస్తాయి. ఏ కుళాయిలోది తాగడానికి పనికివచ్చేది, ఏది ముట్టకూడనిది అన్నది మొదటి రోజే పెద్దలకు చేయి పట్టుకుని చూపించాలి. చూపు మందగించినవారి కోసం కుళాయికి రంగు దారం కట్టి గుర్తు పెట్టడం తేలిక.

అగ్నిప్రమాదం గురించి మాట్లాడడం అశుభమని గృహప్రవేశం ముందు ఆ ప్రస్తావన ఆపేసే ఇళ్లు ఉన్నాయి. కాని తెలుసుకోవలసిన అసలు విషయం అదే. 2010 ఫిబ్రవరి 23న బెంగళూరులోని కార్ల్‌టన్ టవర్స్ అనే కార్యాలయ భవనంలో నిప్పంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. ఆ కట్టడం ఏడంతస్తులదే. మంట కన్నా పొగ ఎక్కువ భయపెట్టింది. ఊపిరాడక కొందరు కిటికీలలోంచి దూకారు. ఎత్తయిన భవనాలలో పొగ నిలువు గూళ్ల వెంబడి, మెట్లదారి వెంబడి పైకి ఎగబాకుతుంది కనుకనే ప్రతి అంతస్తులోనూ మెట్లదారికి మంటను కొంతసేపు నిలువరించగల బరువైన తలుపు పెడతారు. ఆ తలుపు ఎప్పుడూ మూసి ఉండాలి, ఎన్నడూ తాళం వేసి ఉండకూడదు. గాలి రావడం లేదని ఇటుక అడ్డుపెట్టి దానిని తెరిచి ఉంచే ఇంటివారూ, దొంగల భయంతో తాళం బిగించే కాపలాదారులూ తెలియక చేస్తున్నది ఒకే రకమైన కీడు. ఫ్లాటు చూడడానికి వెళ్లినప్పుడు పాలరాతి నేలను మెచ్చుకునే ముందు ఆ తలుపు తోసి చూడాలి, మెట్లదారిలో పాత సైకిళ్లు, చెప్పుల స్టాండ్లు ఉన్నాయేమో గమనించాలి.

మంట లేచినప్పుడు లిఫ్టు ఎక్కకూడదన్న నియమం తెలిసినదే అయినా, మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషి పదిహేను అంతస్తులు దిగడం ఎలా అన్న ప్రశ్నకు ముందుగానే జవాబు వెతుక్కోవాలి. ఇందుకోసమే భవన నిర్మాణ స్మృతి ఆశ్రయ స్థలం అనే ఏర్పాటు చెప్పింది. అంటే సహాయం అందేదాకా మనుషులు తాత్కాలికంగా నిలబడడానికి నిర్ణీత ఎత్తులలో వదిలిన, బయటిగాలి తగిలే సురక్షిత స్థలం. అది ఏ అంతస్తులో ఉందో, అక్కడికి ఎన్ని మెట్లు దిగాలో పెద్దలను ఒకసారి నడిపించి చూపిస్తే, భయపడిన సమయంలో కాళ్లకు దారి తెలుస్తుంది. 2017 జూన్ 14న లండన్‌లో ఇరవై నాలుగు అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది మరణించిన ఘటనలో, ఇళ్లలోనే ఉండండన్న పాత సూచనను నమ్మి ఆగిపోయినవారు ఎందరో చిక్కుకుపోయారు. అందువల్ల ఉండాలా, దిగాలా అన్నది ఆ భవనపు ఏర్పాట్లను బట్టి నిర్వాహకులు స్పష్టంగా చెప్పవలసిన విషయం. ఏటా అగ్నిమాపక విన్యాసం జరుగుతోందా అని అడగడం చాదస్తం కాదు, హక్కు.

గృహప్రవేశం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాలు పొంగించడానికి అడ్డేమీ ఉండదుగాని హోమం చేయదలచినవారు భవన నిర్వాహకులకు ముందుగా తెలియజేయాలి. పొగను పసిగట్టే పరికరం ఒక ఇంట్లో మోగితే ఆ సముదాయమంతా కలవరపడుతుంది. పైకప్పులో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లలో సాధారణంగా ఎర్రటి ద్రవం నింపిన చిన్న గాజు గొట్టం ఉంటుంది. చుట్టూ గాలి దాదాపు 68 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే అది పగిలి నీరు విరజిమ్ముతుంది. హోమగుండాన్ని దాని కిందనే పెట్టకుండా బాల్కనీ దగ్గరగా చిన్నదిగా ఏర్పాటు చేసుకోవడం, లేదా సముదాయంలోని ఆరుబయట స్థలంలో జరుపుకోవడం మేలు. గోమాతను ఇంట్లోకి నడిపించాలన్న కోరికను కూడా భవనం ముంగిట్లోనే తీర్చుకోవాలి.

సామాను సర్దడం గురించి చెప్పవలసినది తక్కువ. తరలింపునకు ముందే రోజు, వేళ చెప్పి సరుకుల లిఫ్టు కేటాయించుకోవాలి. ఆ లిఫ్టు తలుపు వెడల్పు కొలిచి చూస్తే పాత టేకు మంచం పైకి వస్తుందో రాదో అక్కడే తేలిపోతుంది. కొత్త భవనాలలో చాలా వాటికి ఇటుక గోడలకు బదులు అల్యూమినియం అచ్చులలో పోసిన ఇనుప కాంక్రీటు గోడలు ఉంటున్నాయి. బరువు మోసేవి ఆ గోడలే కనుక వాటిని కొట్టి గూడు తీయడం నిషేధం. దేవుడి పటానికి మేకు దిగాలన్నా సుత్తి చాలదు, డ్రిల్లు కావాలి. స్నానాలగదిలో పెద్దలు పట్టుకునే కడ్డీలు బిగించే పనిని అందుకే సామాను దిగకముందే పూర్తిచేయించాలి.

ఊరి నుంచి వచ్చే ధాన్యం, వేరుశనగ బస్తాల విషయం కొంచెం వివరంగా చూడాలి. నివాసపు గదుల నేలను భారతీయ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల, అంటే సుమారు 200 కిలోల వాడుక బరువును లెక్కలోకి తీసుకుని కడతారు. యాభై కిలోల బస్తాలు ఒక చదరపు మీటరులో నాలుగు పేర్చితేనే ఆ లెక్క నిండుతుంది. ఒక మూల కాస్త ఎక్కువైనంత మాత్రాన స్లాబు కూలిపోదుగాని, ఏడాది గ్రాసమంతా ఒకే గదిలో నింపే పల్లె అలవాటును రెండు నెలల గ్రాసానికి కుదించుకోవడం క్షేమం. రోలు తెచ్చుకోవచ్చునా అన్నది తరచు వినిపించే సందేహం. దాని బరువుతో ఇబ్బంది లేదు. ఊరిబిండి దంచే పోటు మాత్రం స్లాబు గుండా కింది ఇంటి పైకప్పులో మోగుతుంది. మందమైన రబ్బరు పలక వేసి, పగటివేళ దంచుకుంటే ఆ ఇంటివారికి నిద్రాభంగం ఉండదు, రాగి సంగటిలోకి రోటి పచ్చడి రుచీ దక్కుతుంది. ఎవరి అలవాటునూ పూర్తిగా రద్దు చేయనక్కరలేని ఇటువంటి దారులను వెతకడం తరలింపులో ఓపికతో కూడిన, విలువైన భాగం.

పెద్దలకు అన్నిటికన్నా కష్టమయ్యేది గేటు. నల్లచెరువులో తిన్నె మీద కూర్చున్న మనిషిని దారిన పోయేవారు పలకరిస్తారు, చుట్టం నేరుగా వసారాలోకి వస్తాడు. భవన సముదాయంలో వచ్చినవారి పేరు కాపలాదారు అడిగి, ఫోనులోని యాప్ ద్వారా ఇంటివారి అనుమతి తీసుకుని లోపలికి పంపుతాడు. కొడుకు, కోడలు పనికి వెళ్లిన వేళ ఊరి నుంచి వచ్చిన బంధువు, అనుమతి సందేశం కొడుకు ఫోనుకు పోయినందువల్ల గేటు దగ్గరే నిలబడిపోతే, లోపలున్న తల్లికి అది తీరని అవమానం. అందుచేత తల్లిదండ్రుల ఫోను నంబర్లను ఆ ఇంటి సభ్యులుగా నమోదు చేయించడం, గేటుతో నేరుగా మాట్లాడే ఇంటర్‌కమ్ వాడకం నేర్పడం, భవనం పేరు, టవరు గుర్తు, ఫ్లాటు సంఖ్య రాసిన కాగితం వారి జేబులో ఉంచడం మొదటి వారంలో జరగాలి. ఒకేలా కనిపించే టవర్ల మధ్య దారి తప్పడం ఎవరికైనా సహజం. కర్ణాటక సరిహద్దున ఉండడం వల్ల హిందూపురం, మడకశిర వైపు వారికి కన్నడం కొంతైనా తెలిసి ఉండడం పెద్ద ఆసరా. కాపలాదారుతో, పనిమనిషితో, పార్కులో కూర్చున్న తోటి వృద్ధులతో మొదటి స్నేహం ఆ భాషలోనే కలుస్తుంది.

మనవళ్లు ఉన్న ఇంట్లో బాల్కనీ కమ్మీ దగ్గర ఎక్కడానికి వీలైన కుర్చీ, పూలకుండీ, పాతపెట్టె ఏదీ ఉంచకూడదు. పెద్దలు బట్టలు ఆరేయడానికి స్టూలు ఎక్కే అలవాటును కూడా మాన్పించాలి, పైకి లేచి కిందికి దిగే ఆరవేత కడ్డీలు అందుకు వీలుగా దొరుకుతున్నాయి.

నెలనెలా చెల్లించే నిర్వహణ రుసుమును చూసి, సొంతింటికి మళ్లీ అద్దె ఏమిటని ఊరి పెద్దలు ఆశ్చర్యపోతారు. వర్షానికి ముందు మిద్దెపై చవుడు పోయడానికి పడిన శ్రమ, పెట్టిన ఖర్చు ఇక్కడ అందరి మధ్య పంచిన రూపంలో వస్తున్నదని వివరిస్తే వారికి వెంటనే బోధపడుతుంది. కర్ణాటకలో 1972 నాటి అపార్టుమెంట్ల యాజమాన్య చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం యజమానుల సంఘాలకు చోటు కల్పించాయి. ఆ సంఘపు సమావేశాలకు పిల్లలు తీరిక లేక వెళ్లకపోయినా, చెరువు నీటి పంపకాలలో, గుడి లెక్కలలో అనుభవమున్న తండ్రిని వెంటబెట్టుకుని వెళితే, రాంపు లేని మెట్ల గురించి, దీపం వెలగని నడవ గురించి మాట్లాడే గొంతు ఆ సభకు దొరుకుతుంది.

ఊళ్లో విడిచివచ్చే వాటిని కూడా ముందే చక్కబెట్టుకోవాలి. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇంటి దగ్గరే అందుతుంది. రాష్ట్రం విడిచి స్థిరపడితే దాని సంగతి ఏమవుతుందో గ్రామ సచివాలయంలో బయలుదేరకముందే కనుక్కోవాలి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ఏర్పాటు వల్ల కేంద్రం ఇచ్చే ధాన్యాన్ని ఇతర రాష్ట్రాలలోని చౌకధరల దుకాణాలలోనూ తీసుకోవచ్చు. ఓటును కొత్త చిరునామాకు మార్చుకోవాలనుకుంటే ఫారం 8 నింపాలి, ఊరి ఓటు వదులుకోవడం ఇష్టం లేనివారు ఊరికి వస్తూ పోతూ ఉండే ఏర్పాటును ఆలోచించుకోవాలి. ఇంటిని వెంటనే అమ్మడంగాని, దీర్ఘకాలపు అద్దెకివ్వడంగాని మంచిది కాదు. కనీసం ఒక ఏడాది పాటు దానిని ఖాళీగా ఉంచి, తాళంచెవి నమ్మకమైన పొరుగువారి దగ్గర పెట్టి, ఉగాదికో, కదిరి లక్ష్మీనరసింహస్వామి రథోత్సవానికో ధర్మవరం–పాకాల మార్గపు రైలెక్కి వచ్చి కొద్దిరోజులు గడిపేలా చూసుకుంటే, ఎత్తయిన భవనంలో ఉండాలా, తిరిగి రావాలా అన్నది ఆ పెద్దలే తమ ఇష్టంతో నిర్ణయించుకునే వీలుంటుంది.